పురిటింటి గడపమీది ప్రశ్న

మంత్రసానితన మొప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలసినదే యని మన తెలుగునాట నొక సామెత గలదు. పల్లెలలో దీనిని మఱికొంత మోటుగ జెప్పుదురు. ఆ మోటుమాట నిచట వ్రాయ బనిలేదు. ఇష్టములేని పని నెత్తిమీద బడినవాడు విసుగుతో పలుకు మాటగా నిది నేడు వాడుకలో నున్నది గాని, దాని మొదటి యర్థమును కొంచె మాలోచించి చూచినచో నందొక గొప్ప ధర్మశాసన మిమిడి యున్నట్లు తోచును. పురుడు పోయుటకు గూర్చున్న స్త్రీ తన చేతులలోనికి వచ్చునది ఆడుబిడ్డయా మగబిడ్డయా, బ్రదికిన బిడ్డయా చచ్చిన బిడ్డయా, ధనికుని బిడ్డయా దరిద్రుని బిడ్డయా, తాళిగట్టినవాని బిడ్డయా కానిదా యని విచారింపదు. విచారించుటకు తీరికయు లేదు. తల కనబడినతోడనే చేయి చాపవలెను.

ఈ ధర్మమును మనకు నేర్పినవారు శాస్త్రములు చదివినవారు కారు. మంగలి స్త్రీలును, కొన్ని తావుల మాల మాదిగ స్త్రీలును తరతరములుగ నీ పని చేసిరి. నొప్పులు వచ్చినవేళ ఏ యిల్లాలి దేహమును వారు పట్టుకొనిరో ఆ యిల్లాలి వంటయింటిలోనికి వారికి ప్రవేశము లేకుండెను. పురిటిమైలను కడిగినవారే మైలవారుగ నెంచబడిరి. వారి చేతులలో నెందఱు బిడ్డలు మురికి కొడవలితో బొడ్డు కోయుటవలన ధనుర్వాతము సోకి చచ్చిరో, ఎందఱు బాలెంతరాండ్రు సూతికాజ్వరముచే మడిసిరో మే మెఱుగనివారము కాము. ఆ పాతపద్ధతిని మరల దెండని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆసుపత్రి వచ్చినది, సబ్బునీరు వచ్చినది, రక్తమును నిలుపు మందులు వచ్చినవి. ఇవి యన్నియు మేలే. అయినను ఆ మంత్రసాని యడుగని ప్రశ్న యొకటి ఆసుపత్రితో పాటు వచ్చినది. గడప దాటకముందే, చీటీ వ్రాయు బల్లయొద్దనే, దానిని వేయుదురు: "భర్త పేరేమి?"

ప్రశ్నలు వేయుట తప్పని మే మనము. గర్భిణిని చూచు వైద్యురాలు వేయవలసిన ప్రశ్నలు చాల గలవు. ఎన్నవ నెల? ఇది ఎన్నవ కాన్పు? వెనుకటి కాన్పులో రక్తము ఎక్కువగ పోయెనా? కాళ్లును ముఖమును వాచినవా? కన్నులు మసకలు గ్రమ్ముచున్నవా? నొప్పు లెప్పుడు మొదలైనవి? ఈ ప్రశ్నలలో నొక్కొక్కటియు నామె ప్రాణమునకు గావలి కాయునట్టిది. కాన్పైన వెనుక రక్తము ధారగట్టినచో కొలది గంటలలోనే ప్రాణము పోవచ్చును. రక్తపుపోటు హెచ్చి మూర్ఛలు వచ్చుటకు ముందు తలనొప్పియు చూపుమసకయు గనుపించును. ముందుగ నడిగి తెలిసికొన్నచో మందు గలదు. రెండవజాతి ప్రశ్నలు వేఱు. ఎవరి బిడ్డ? పెండ్లి యైనదా? ఇంతమంది నేల కంటివి? ఏ యూరిదానవు, ఇచటి కెందులకు వచ్చితివి? కాగితమేది? మొదటివి యామెకొఱకు వేయు ప్రశ్నలు. రెండవవి యామెపై తీర్పు చెప్పుటకు వేయు ప్రశ్నలు. ఈ రెంటి భేదమును గుర్తింపకపోవుటచేతనే మన దయలో చాల భాగము వ్యర్థమగుచున్నదని మా తలంపు.

ఈ రెండవజాతి ప్రశ్నలకు మన చదువరుల యిండ్లలోని కోడండ్రును కూతుండ్రును జంకనక్కఱలేదు. భర్త ప్రక్కన నుండును. కాగితములు సంచిలో నుండును. అత్తగారు తమకు దెలిసిన డాక్టరుగారి పేరు చెప్పుదురు. పెండ్లికాని పడుచు, మగడు విడిచిన యిల్లాలు, ఇటుకబట్టీలో పనికై పొరుగురాష్ట్రమునుండి వచ్చిన కూలివాని భార్య, కొండమీది గూడెపు స్త్రీ, చెఱసాలలో నున్న స్త్రీ, హెచ్. ఐ. వి. సోకిన స్త్రీ, వీధిలో బ్రదుకు స్త్రీ — వీరికి ఆ బల్లయొద్దనే మొదటి నొప్పి యారంభమగును. భారతదేశమున 2001-03 సంవత్సరములలో లక్ష సజీవ ప్రసవములకు 301 మంది తల్లులు మరణింపగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు దిగినది. ఆంధ్రప్రదేశమున నది 45, తెలంగాణమున 43. ఇది సామాన్యమైన విజయము కాదు. దీనిని చూచి సంతసింపనివాడు కృతఘ్నుడు. కాని సగటు అనునది మిక్కిలి మొగమాటము గలది. మిగిలిన చావు లెవరివో యది చెప్పదు. తలుపు ఎవరికి కడపట తెఱవబడునో వారికే యా చావులలో నెక్కువ పాలు దక్కునని యూహించుటకు గొప్ప గణితము నేర్వ బనిలేదు.

ఈ రెండవజాతి ప్రశ్నను మన దేశమున గడపమీదినుండి తీసివేసినవారిలో పూనా నగరపు జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు ముఖ్యులు. వారు మాలీ కులమున బుట్టినవారు. ఆ కాలమున పసితనముననే భర్త పోయిన బ్రాహ్మణ బాలికలు తల గొఱిగించుకొని బంధువుల యిండ్లలో చాకిరి చేయుచు, ఆ యిండ్లలోని పురుషుల చేతనో వచ్చిపోవువారి చేతనో గర్భవతులై, బావులలో దూకుటయో బుట్టిన బిడ్డ గొంతు నులుముటయో తప్ప వేఱుదారి లేక యుండిరి. బిడ్డను జంపిన తల్లిని చట్టము పట్టుకొనును. ఆ బిడ్డకు తండ్రియైనవాడు మఱునాడును సంధ్య వార్చుకొనుచుండును. 1863లో ఫూలే దంపతులు అట్టి స్త్రీలకొఱకు ఒక ప్రసూతిగృహము నెలకొల్పిరి. రహస్యముగ వచ్చి ప్రసవింపవచ్చుననియు, బిడ్డను దీసికొనిపోవుటయో అచ్చటనే విడిచిపోవుటయో తల్లి యిష్టమనియు ప్రకటించిరి. కులమడుగలేదు, పురుషుని పేరడుగలేదు, పశ్చాత్తాపపడుమని యడుగలేదు. 1874లో అచట ప్రసవించిన యొక వితంతువు బిడ్డను తామే పెంచుకొని యశ్వంతుడని పేరిడిరి. ఆ బాలుడు పెరిగి వైద్యుడయ్యెను. 1897లో పూనాలో ప్లేగు చెలరేగినపుడు రోగులకు సేవ చేయుచునే సావిత్రీబాయి యా రోగము సోకి మరణించెను.

ఈ కథ చెప్పునపుడు, ఆ బిడ్డ వైద్యుడయ్యెను గదా, చేసిన పుణ్యము పండెను గదా యని మురియువారు గలరు. మా కా వాదము రుచింపదు. ఆ బిడ్డ వైద్యుడు గాక పనికిమాలినవాడై తిరిగినను పూనా యింటి తలుపు తెఱచుట న్యాయమే. పుట్టబోవు బిడ్డ యెట్టివాడగునో లెక్కగట్టి పురుడు పోయుట వర్తకమగును గాని ధర్మము కానేరదు.

1881లో సూరతులో విజయలక్ష్మి యను బ్రాహ్మణ వితంతువు తన బిడ్డను జంపినదని న్యాయస్థానము మొదట నురిశిక్ష విధించినది. పిమ్మట నది ప్రవాసశిక్షగా మాఱినది. ఆమెను దిట్టుచు పత్రికలు వ్రాసిన వ్రాతలకు మండిపడి తారాబాయి శిందే మరాఠీలో 'స్త్రీపురుష తులన' యను గ్రంథమును రచించి 1882లో బ్రకటించెను. సూరతు వ్యవహారము నడచిన యా 1881లోనే, డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. వివాహము గొప్ప సంస్కారమే; వేలకొలది బాలికల బ్రదుకులకు నది దారి చూపినది. కాని కడుపుతో నున్న స్త్రీకి వరుని వెదకువఱకు నెలలు ఆగవు. సంస్కర్తలు స్త్రీని గృహిణిగా జేసి కాపాడుటకు వెదకిన మార్గములు పెక్కు గలవు. గృహిణి కానిదానిని కానట్లే కాపాడిన మార్గములు తక్కువ. పూనాలోని యా చిన్న యింటికి మేమిచ్చు విలువ యిందువలననే.

పేరడుగకుండిన మాత్రమున చాలునా? చాలదని వియన్నా నగరపు చరిత్ర చెప్పుచున్నది. అచట జోసెఫు చక్రవర్తి 1784లో గొప్ప యాసుపత్రిని దెఱచి, అందు ప్రసూతిశాలను జేర్చెను. పెండ్లికాని బీద స్త్రీలు వచ్చి ప్రసవింపవచ్చును. బిడ్డను అనాథశాలలో విడువవచ్చును. అంతవఱకు పూనాయింటివలెనే కనబడును. కాని యుచితముగ ప్రసవించినవారు వైద్యవిద్యార్థుల యభ్యాసమునకు తమ దేహముల నప్పగింపవలసి యుండెను. పంతొమ్మిదవ శతాబ్దమున నా శాలలో రెండు భాగము లుండెను. మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానివిద్య నేర్చుకొను స్త్రీలును పనిచేయుచుండిరి. 1846లో రెండవ భాగమున నూటికి ముగ్గురికన్న తక్కువమంది తల్లులు చనిపోగా మొదటి భాగమున నూటికి పదునొకండ్రకు పైగ చనిపోయిరి. ఏ దినమున నే భాగమువారు చేర్చుకొందురో ముందుగ నేర్పడియుండెను. మొదటి భాగపు దినమున వచ్చిన స్త్రీలు మోకాళ్లపై బడి, తమ్ము రెండవ భాగమునకు బంపుమని యేడ్చెడివారట. దారిలో వీధిప్రక్కన ప్రసవించి బిడ్డను జేతబట్టుకొని వచ్చినవారికి సైత మా జ్వరము తక్కువగ వచ్చుచుండెను.

ఇగ్నాజు సెమ్మెల్‌వైసు అను హంగేరీ దేశపు యువవైద్యుడు దీని కారణమును 1847లో గనిపెట్టెను. విద్యార్థులు శవములను గోసి పరీక్షించిన చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షించుచుండిరి. క్లోరినుసున్నపు నీటితో చేతులు గడుగుకొనవలెనని యాతడు నియమించినతోడనే, ఏప్రిలులో నూటికి 18 ఉన్న మరణములు జూను నాటికి నూటికి రెండైనవి. ఈ కథను వైద్యశాస్త్ర విజయముగ జెప్పుట పరిపాటి. మాకు మాత్రము మఱియొకటి తోచుచున్నది. మొదటి భాగమున చావు గలదని యా స్త్రీలకు ముందే తెలియును. వారు మోకాళ్లపై బడి చెప్పినదే సత్యము. సెమ్మెల్‌వైసు వారి భయమును లెక్కలోనికి దీసికొనెను. తక్కినవా రేండ్లతరబడి దానిని దిక్కులేని యాడువారి పిచ్చిగా దలచి యూరకుండిరి. పేరడుగని తలుపు లోపల వారి మాట వినెడి చెవి లేకుండెను.

ఐర్లండు దేశమున నిరువదవ శతాబ్దమున పెండ్లికాని తల్లులకొఱకు 'తల్లీబిడ్డల గృహములు' నడచినవి. వానిని నడపినవా రెక్కువగ సన్యాసినులు. 2021 జనవరిలో నా దేశపు ప్రభుత్వ విచారణసంఘము వెలువరించిన నివేదిక ప్రకారము, 1922 మొదలు 1998 వఱకు విచారణకు వచ్చిన 18 సంస్థలలో నించుమించు 56,000 మంది తల్లు లుండిరి. సుమారు 9,000 మంది పిల్లలు చనిపోయిరి. నివేదిక వచ్చిన మఱునాడే ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. అచట నాశ్రయమునకు లోపము లేదు. కప్పు గలదు, పడక గలదు, ప్రార్థన గలదు. లేనిదల్లా గౌరవము. వచ్చిన స్త్రీని పాపిగా నెంచి, ఆమె యుండు దినములన్నియు నా పాపమునకు ప్రాయశ్చిత్తముగ లెక్కించిరి. తల్లి పాపియైనచో బిడ్డ పాపఫలమగును గదా; పాపఫలమునకు పాలు చాలకపోయిన నెవ్వరికి కలవరము? ఆశ్రయ మిచ్చుటయు అవమానించుటయు నొకే చేతితో చేయవచ్చునని సంస్కరణాభిమానులు మఱవగూడదు. మన శరణాలయములకును ఈ జబ్బు రాదని ధైర్యము లేదు.

మన ప్రభుత్వ కార్యాలయములు పాపపుణ్యముల మాట యెత్తవు, కాగితము నడుగును. 2005లో 'జననీ సురక్షా యోజన' యను పేర ఆసుపత్రిలో ప్రసవించు బీద స్త్రీలకు ధనసాహాయ్య మేర్పఱచిరి. మంచిపనియే. కాని ఆసుపత్రి కాన్పులు అప్పటికే కొంత యెక్కువగ జరుగుచున్న రాష్ట్రములలో, పందొమ్మిదేండ్లు నిండినవారికే యిత్తుమనియు, రెండు కాన్పులవఱకే యిత్తుమనియు నియమములు పెట్టిరి. బాల్యవివాహమును మాన్పింపవలెనని మొదటి నియమము, చిన్న కుటుంబమును బ్రోత్సహింపవలెనని రెండవది. ఉద్దేశములు రెండును మంచివే యని యొప్పుకొందము. ఫలమేమి? పదునేడేండ్ల పిల్లకు పెండ్లి చేసినవాడు తండ్రి. సొమ్ము పోయినది పిల్లకు. నాలుగవ కాన్పు వలదన్నను వినని మగని తప్పునకు నాలుగవసారి నొప్పులు పడు స్త్రీ దండుగ కట్టవలెను. అంతకన్న విపరీత మొకటి గలదు. ఎముకలు ముదరని చిన్నపిల్లకును, పెక్కుకాన్పులచే గర్భాశయము బలహీనపడిన తల్లికిని ప్రసవమున నపాయము హెచ్చని ప్రతి వైద్యురాలికి దెలియును. ఎవరికి ఆసుపత్రి మిక్కిలి యవసరమో వారినే యా నియమములు వెలిబెట్టినవి. 2013లో వానిని దొలగించిరి, సంతోషము. అయినను 2017లో మఱియొక పథకము మొదటి బిడ్డకే 5,000 రూపాయ లిచ్చుటకు బయలుదేఱినది. 2022లో రెండవది యాడుబిడ్డయైనచో నిచ్చుటకు సవరించిరి. మూడవ కాన్పు తల్లి రక్తము మొదటి కాన్పు తల్లి రక్తముకన్న పలుచనిదా?

దారిద్ర్యమునకు రుజువు నడుగుటయు నిట్టిదే. ఒక బీదస్త్రీ, కడుపులో బిడ్డ చనిపోయిన స్థితిలో, తన బీదతనమును నిరూపించు కాగితము చాలక యాసుపత్రులలో తిరుగాడవలసివచ్చినది. పిమ్మట మరల గర్భవతియై 2010 జనవరిలో ఇంటనే ప్రసవించి మరణించినది. ఇల్లులేని మఱియొక స్త్రీ చెట్టుక్రింద ప్రసవించినది. ఈ రెండు వ్యవహారములను గలిపి విచారించి ఢిల్లీ హైకోర్టు 2010 జూను 4వ తేదీన తీర్పు చెప్పుచు, గర్భిణికి వైద్యము ప్రాణహక్కులో భాగమనియు, ఆమె సాంఘికార్థిక స్థితి యెట్టిదైనను ఏ దశయందును వైద్యము నిరాకరింపరాదనియు నిర్ణయించినది. బీదరాలని రుజువు చేయవలసిన భారము బీదరాలిపై నుంచుట యెంత క్రూరమో యా తీర్పు చదివినవారికి దెలియును.

భర్త పేరు విషయమునను న్యాయస్థానములు ముందడుగు వేసినవి. 2015 జులై 6వ తేదీన సుప్రీంకోర్టు, పెండ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకయే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చుననియు, అట్టి తల్లి జననపత్రము కోరినపుడు ప్రమాణపత్రము మాత్రము దీసికొని యీయవలెననియు చెప్పినది. మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రతివాదిగా నున్న యొక వ్యాజ్యమున 2006 ఏప్రిలు 13వ తేదీన చెఱసాలలలోని తల్లులనుగూర్చి యిచ్చిన తీర్పు మఱియు మనోహరమైనది. సాధ్యమైనంతవఱకు గర్భిణియైన ఖైదీకి చెఱసాల వెలుపల ప్రసవ మేర్పాటు చేయవలెను. ఒకవేళ బిడ్డ చెఱసాలలోనే పుట్టినచో జననపు లెక్కలో జన్మస్థానము చెఱసాల యని వ్రాయరాదు, ఆ ప్రాంతపు పేరు మాత్రమే వ్రాయవలెను. రాయకుండుటలో నెంత దయ గలదో చూడుడు. తల్లి నేరము చేసియుండవచ్చును. ఆమె శిక్షలో నొక ముక్క బిడ్డ కాగితము మీదికి జారకుండ న్యాయమూర్తులు చేయి యడ్డము పెట్టిరి. హెచ్. ఐ. వి. సోకిన స్త్రీకి వైద్యము నిరాకరించుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది. తల్లికి సరియైన మందులు సకాలమున నిచ్చినచో బిడ్డకు సోకుట మిక్కిలి యరుదు. అయినను ఆమెను తాక వెనుదీయు చేతులు లేకపోలేదు.

పదునెనిమిదేండ్లు నిండని బాలికల సంగతి యింతకంటె చిక్కైనది. పిల్లలను లైంగిక నేరములనుండి కాపాడుటకు 2012లో వచ్చిన చట్టము ప్రకారము అట్టి నేరము తెలిసినవా రెల్లరును పోలీసులకు దెలుపవలెను. ఈ నియమము లేనిచో ఎందఱు దుర్మార్గులు తప్పించుకొందురో! కాని గర్భవతియైన పిల్ల ఆసుపత్రికి పోయిన పోలీసులు వత్తురని యెఱిగి యింటనే దాగినచో, ఆమెను కాపాడవచ్చిన చట్టమే యామెకును మందునకును నడుమ గోడయై నిలుచును. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, గర్భవిచ్ఛిత్తికై వచ్చిన బాలిక కోరినచో వైద్యుడు పోలీసులకు దెలుపునపుడు నామె పేరు మున్నగు వివరములు వెల్లడింప బనిలేదని చెప్పి యా గోడలో నొక కిటికీ పెట్టినది. ఆ తీర్పులోనే పెండ్లికాని స్త్రీకిని 24 వారములవఱకు పెండ్లియైన స్త్రీతో సమానమైన హక్కు నిచ్చినది. ఇవి కాగితముమీది ధర్మములు. బల్లయొద్ద గూర్చున్న గుమాస్తా చెవి కెన్నాళ్లకు చేరునో!

ఇట్లు అడుగకయే యందఱికి తలుపు దెఱచినచో దుర్నడతకు ప్రోత్సాహము గాదా యని కొందఱు పెద్దలు శంకింతురు. ఈ శంక ఫూలేగారి నాటినుండి నున్నది. దీనికి మా సమాధానము చిన్నది: ప్రసవవేదన సుఖముగ నుండునని ఆశపడి గర్భము ధరించిన స్త్రీని మే మింతవఱకు వినలేదు. మఱియొక శంక గలదు, అది బరువైనది. తండ్రి యెవరో, ఒక్కొకచో తల్లి యెవరో తెలియకుండ బిడ్డ పెరుగుట న్యాయమా? ఫ్రాన్సు దేశమున 1941 నాటి శాసనము మొదలు స్త్రీ పేరు చెప్పకయే యాసుపత్రిలో ప్రసవింపవచ్చును. అట్లు పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవారై, మే మెవరము, మా తల్లి యెవరు అని యడిగిరి. వారి ప్రశ్న రెండవజాతి ప్రశ్న కాదు. తన పుట్టుకనుగూర్చి యడుగు హక్కు పుట్టినవానికి గలదు. 2002లో నా దేశమువా రొక సంఘము నేర్పఱచి, తల్లి కోరినచో తన వివరములను సీలువేసిన కవరులో నుంచి పోవు పద్ధతిని బలపఱచిరి. సంపూర్ణమైన పరిష్కార మిది యని మే మనజాలము. కాని యొక్క సంగతి స్పష్టము. బిడ్డ యడుగవలసిన ప్రశ్న యిరువది యేండ్ల తరువాత వచ్చును; రక్తము నిలుపవలసిన గంట యిప్పుడే వచ్చినది. మొదటి గంటకు రెండవదాని బేరము గట్టరాదు.

గడప యనగా కట్టెగడపయే గాదు, కొండయు గడపయే. విజయనగరము, విశాఖపట్టణము మన్యములలో దారిలేని గూడెములనుండి గర్భిణులను డోలీ గట్టి గంటలతరబడి మోసికొనివచ్చుట నేటికిని వార్తాపత్రికలలో చదువుచున్నాము. 2018లో సాలూరులో గిరిజన గర్భిణులకు వసతిగృహ మొకటి తెఱచి, కాన్పు దినమునకు చాల ముందుగనే వారిని కొండ దింపి యచట నుంచుట యారంభించిరి. నొప్పులు వచ్చిన తరువాత దారి వెదకుటకంటె ముందే దారి దాటించుట యెంత తెలివియో చెప్ప నక్కఱలేదు. కాని యా తెలివికి తోడు మఱికొంత వివేకము కావలెను. దిగిరానన్న స్త్రీని మూఢురాలని కసరుట సులభము. ఆమె దిగివచ్చినచో పెద్దబిడ్డకు గంజి కాచువా రెవ్వరు? పోడుచేలో కలుపు దీయువా రెవ్వరు? ఆమె బాస తెలిసిన నర్సు క్రింద నున్నదా? ఇవి యామెకొఱకు వేయవలసిన మొదటిజాతి ప్రశ్నలు.

తలుపు దాటినంతమాత్రమున నంతయు ముగియలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలినది. ఆ కాన్పులలోనే నూటికి 60 పైగ కడుపుకోసి తీసినవని కూడ తేలినది. ఆసుపత్రికి జేర్చుటయే సేవ యని తలచువారు ఈ రెండవ సంఖ్యను మొదటిదాని ప్రక్కన నుంచి చదువవలెను. మఱియు నొప్పులకు మూలిగిన బీదస్త్రీని నోరు మూయుమని కసరుట, తొడమీద చఱచుట, "కనునపుడు తెలియలేదా" యని యెత్తిపొడుచుట పెక్కుచోట్ల నిత్యకృత్యములు. చఱపు తిన్న స్త్రీ రెండవ కాన్పునకు రానిచో అజ్ఞానమని వ్రాసికొందుము.

మన యిండ్లలోని సంగతి యొకటి చెప్పి విరమింతుము. 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి ఉద్యోగినులకు 26 వారముల జీతముతోడి సెలవు నిచ్చిరి. పిమ్మటి సామాజిక భద్రతా స్మృతియు నా సెలవును నిలిపినది. ఈ పత్రికను చదువు సోదరీమణులలో పలువురు దానిని బొందినవారే. కాని పదిమందికి తక్కువ పనిచేయు చోట్లకు ఆ యేర్పాటు తగులదు. కావున వారి యిండ్లలో అంట్లు తోముచు, నీళ్లబిందె లెత్తుచు నుండు పనిమనిషికి నొక్క దినపు సెలవైనను చట్టము ప్రకారము లేదు. ఆమె తనకు నెల తప్పినదని యమ్మగారితో చెప్పినపుడు, "ఎప్పటినుండి మానెదవు? బదులుగ నెవ్వరిని బెట్టెదవు?" అను మాట ముందుగ మన నోట వచ్చుచున్నది. ఆమెకు రక్తము చాలునా యని పరీక్ష చేయించినదా, ఇనుపమాత్రలు దొరకుచున్నవా, ఎనిమిదవ నెలలో బరువు లెత్తక పనిచేయుటకు వీలగునా, పురిటిదినముల జీత మేమగును, రాత్రివేళ నొప్పులు వచ్చిన 108 బండికి ఫోను చేయుట కింట నెవ్వరున్నారు — ఇవి యడుగుటకు చట్టము రానక్కఱలేదు. ఆమె మగడు ఇంటనున్నాడా లేడా యనుట యీ పట్టికలో లేదు.